బంకమన్ను నేలలో శాస్తా డైసీలు: ఏ రకం ఎంచుకోవాలి, చలికాలం ఎలా దాటించాలి?

ప్రశ్న (కొలంబస్, ఒహాయో)

అందరికీ నమస్కారం. మేము కొలంబస్ శివారులో ఈమధ్యనే ఇల్లు కొనుక్కున్నాము. ఇంటి ముందు దక్షిణం వైపున, కాలిబాటకూ గోడకూ మధ్య, సుమారు 12 అడుగుల పొడవూ 4 అడుగుల వెడల్పూ గల స్థలం ఖాళీగా ఉంది. అందులో శాస్తా డైసీలు పెంచాలని నా కోరిక. పసుపుపచ్చని బొడ్డు చుట్టూ తెల్లని రేకులతో మన తెల్ల చామంతిని తలపించే ఈ పువ్వులంటే మా అత్తగారికి కూడా చాలా ఇష్టం. ఆవిడ ఏటా వేసవిలో మా దగ్గరికి వచ్చి, శ్రావణమాసం నోములూ పూజలూ ఇక్కడే చేసుకుని వెళతారు. వరలక్ష్మీ వ్రతం నాటికి ఇంట్లో పూసిన పువ్వులు ఆవిడ చేతికి ఇవ్వగలిగితే నాకు సంతోషంగా ఉంటుంది.

ఇబ్బంది ఏమిటంటే, ఇల్లు కట్టినవారు పైమట్టి తీసేసి అడుగు బంకమన్నును అలాగే వదిలేశారు. వాన కురిస్తే ఆ చోట మరునాటి వరకూ నీరు నిలుస్తుంది. ఎండ కాస్తే నేల నెర్రెలు విచ్చుతుంది. పక్కింటివారి శాస్తా దుబ్బు ఒక వేసవి అంతా కళకళలాడి, చలికాలం దాటేసరికి ఆనవాలు లేకుండా పోయింది. వారి నేల కూడా ఇటువంటిదే. నర్సరీలో బెకీ, అలాస్కా, స్నోక్యాప్, స్నో లేడీ, బనానా క్రీమ్ అనే పేర్లతో మొక్కలు ఉన్నాయి. వీటిలో మాకు ఏది తగినది? వసంతంలో నాటాలా, వేసవి చివర నాటాలా? మా వీధిలో జింకలు కూడా తిరుగుతూ ఉంటాయి. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (డేటన్, ఒహాయో)

నమస్కారమండీ. మీ ప్రశ్న రకంతో మొదలైంది కానీ, మీ సమస్యకు మూలం నేలలో ఉంది కాబట్టి ముందు నేల గురించి చెబుతాను.

చలికాలపు చలి తీవ్రతను బట్టి ప్రాంతాలను జోన్లుగా విభజించే అమెరికా వ్యవసాయ శాఖ పటంలో కొలంబస్ 6వ జోన్‌లో ఉంది (అంకె తగ్గే కొద్దీ చలి ఎక్కువ). శాస్తా డైసీ 5వ జోన్ నుండి 9వ జోన్ వరకూ హాయిగా బతికే మొక్క. కాబట్టి మీ ఊరి చలి దానిని చంపదు. పక్కింటివారి దుబ్బు పోవడానికి కారణం చలికాలపు తడి అయి ఉంటుందని నేను అనుకుంటున్నాను. ఈ మొక్క చలికాలంలో పై కాడలన్నీ ఎండిపోయినా, నేలను అంటిపెట్టుకుని ఆకుల గుత్తి ఒకటి పచ్చగా మిగులుతుంది. ఆ ఆకులూ వేళ్ళూ కలిసే చోటును మనం కుదురు అంటాము. మొక్క ప్రాణమంతా అక్కడే ఉంటుంది. డిసెంబరు నుండి మార్చి వరకూ నేల గడ్డకట్టడం, కరగడం, నీరు దిగక కుదురు దగ్గరే నిలవడం జరుగుతూ ఉంటే అది కుళ్ళిపోతుంది. అనుమానం ఉంటే మార్చి చివర ఒక ఆకును పట్టుకుని మెల్లగా లాగి చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఆకు గట్టిగా పట్టుకుని ఉంటుంది. కుళ్ళిన కుదురు నుండి మాత్రం ఆకు ఏ బలమూ లేకుండా చేతిలోకి వచ్చేస్తుంది, దాని మొదలు నల్లగా, జిగటగా కనిపిస్తుంది. ఆ దశకు వచ్చిన దుబ్బును కాపాడడం కష్టం.

అందువల్ల మొక్కలు కొనడానికి ముందే ఒక చిన్న పరీక్ష చేయండి. అడుగు లోతు గుంత తీసి నీళ్ళతో నింపి, అవి పూర్తిగా ఇంకిన తరువాత మళ్ళీ నింపండి. రెండవసారి నీటిమట్టం గంటకు ఒక అంగుళమైనా దిగితే నేల పనికివస్తుంది. అంతకంటే నెమ్మదిగా దిగితే మడిని ఎత్తు చేయక తప్పదు. మీరు చెప్పిన దానిని బట్టి చూస్తే ఎత్తు మడే అవసరమని తోస్తున్నది.

ఇక్కడ చాలామంది సలహా ఇచ్చే ఒక పద్ధతిని దయచేసి పాటించవద్దు. బంకమన్నులో మొక్కకు సరిపడా గుంత తీసి, అందులో మాత్రం సంచీ మట్టి నింపి నాటితే, ఆ గుంత అడుగున చిల్లు లేని కుండీగా మారుతుంది. చుట్టుపక్కల నీరంతా అందులోకే చేరి, బయటికి పోయే దారి లేక నిలిచిపోతుంది. బంకమన్నులో ఇసుక కలపడం కూడా మేలు చేయదు. కొద్దిపాటి ఇసుక కలిస్తే ఆ మన్ను మరింత గట్టిపడుతుంది. మీ 12 అడుగుల మడి మొత్తాన్నీ ఒకేసారి 10 అంగుళాల లోతున తవ్వి, పైన 3 అంగుళాల మందాన బాగా మాగిన కంపోస్టు పరచి, రెండూ కలిసిపోయేలా తిరగవేయండి. ఆ తరువాత పైమట్టి తెప్పించి మడి మొత్తం చుట్టుపక్కల నేల కంటే 6 నుండి 8 అంగుళాలు ఎత్తుగా, గోడ వైపు నుండి కాలిబాట వైపుకు కొద్దిగా వాలుగా ఉండేలా సర్దండి. మట్టి తడిగా ఉన్నప్పుడు మాత్రం తవ్వవద్దు. పిడికెడు మట్టిని ముద్దచేసి వేలితో నొక్కితే పొడిగా విడిపోవాలి. విడిపోకుండా అణిగిపోతే ఇంకా కొన్ని రోజులు ఆగండి. ఈ పనికి ఒళ్ళు అలసే మాట నిజమే కానీ, దీనిలో సగం చేసి ఊరుకుంటే మంచి మొక్క కొన్న డబ్బు కూడా వృథా అవుతుంది.

ఇక రకాల సంగతి. మీ అవసరం శ్రావణమాసం కాబట్టి పూత కాలమే మీకు ముఖ్యం. అలాస్కా చాలా పాత రకం, విత్తనం నుండి తేలికగా వస్తుంది, 2 నుండి 3 అడుగులు పెరుగుతుంది. కానీ మన ప్రాంతంలో దాని పూత జూన్‌లో మొదలై జూలైలో తగ్గుముఖం పడుతుంది. శ్రావణం నాటికి పూర్తిగా ఉడిగినా ఉడగవచ్చు. బెకీ జూలైలో మొదలుపెట్టి, వాడిన పువ్వులను ఎప్పటికప్పుడు తుంచుతూ ఉంటే సెప్టెంబరు వరకూ పూస్తుంది. పువ్వు 3 అంగుళాలకు పైగా ఉంటుంది, కాడ గట్టిది, గాలివానకు కూడా సాధారణంగా పడిపోదు. పెరినియల్ ప్లాంట్ అసోసియేషన్ వారు 2003లో దీనిని ఆ సంవత్సరపు మేటి మొక్కగా ఎంచుకున్నారు. మీరు అడిగిన వాటిలో మీకు తగినది ఇదేనని నేను నిస్సంకోచంగా చెబుతాను. అయితే ఇది 3 అడుగులకు పైగా ఎదుగుతుంది కనుక గోడ వైపు వరుసలో పెట్టి, ముందు వరుసలో అడుగు ఎత్తుకు కాస్త మించే స్నోక్యాప్ నాటండి. స్నో లేడీ ఇంకా పొట్టిది, విత్తిన మొదటి సంవత్సరమే పూస్తుంది కానీ ఎక్కువ ఏళ్ళు నిలవదు. బనానా క్రీమ్ లేత నిమ్మపసుపు రంగులో విచ్చుకుని క్రమంగా వెన్న రంగుకు తిరుగుతుంది. అందమైనదే గాని, మీరు తెల్ల పువ్వు కోరుతున్నారు కనుక దానిని ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు.

నాటడానికి మీ ఊళ్ళో మే నెల అనువైనది. వేసవి చివర నాటదలిస్తే, మొదటి మంచు పడడానికి కనీసం 6 వారాల ముందు, అంటే సెప్టెంబరు మొదటి వారం లోపే ముగించండి. ఆ తరువాత నాటిన మొక్కకు వేరు పట్టే వ్యవధి ఉండదు, నేల గడ్డకట్టినప్పుడు అది పైకి లేచిపోతుంది. మొక్కకూ మొక్కకూ మధ్య బెకీకి 2 అడుగులు, స్నోక్యాప్‌కు అడుగు దూరం ఉంచండి. కుదురు నేలమట్టానికి సమానంగా ఉండాలి, మట్టిలో పూడిపోకూడదు. రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. ఎరువు విషయంలో చేయి బిగించండి. వసంతంలో ఒక పలుచని పొర కంపోస్టు చాలు. నత్రజని ఎక్కువైతే ఆకులు దట్టంగా వచ్చి కాడలు వాలిపోతాయి, పూత తగ్గుతుంది.

చలికాలంలో కప్పడం గురించి కూడా ఒక మాట. నేల గడ్డకట్టిన తరువాతే, అంతకు ముందు కాదు, ఎండుగడ్డినో పైన్ ఆకులనో కుదురు చుట్టూ పలుచగా పరచండి. తడిసి చదునుగా అతుక్కుపోయే మేపుల్ ఆకులను కుదురు మీద కుప్పపోయవద్దు. జింకలు ఈ మొక్క జోలికి సాధారణంగా రావు. కుందేళ్ళు మాత్రం లేత మొక్కలను కొరుకుతాయి కనుక మొదటి నెల చుట్టూ జాలీ పెట్టండి.

పూజ విషయంలో మీకు ముందే తెలియవలసిన సంగతి ఒకటి ఉంది. ఈ పువ్వుకు మన చామంతికి ఉండే సువాసన లేదు. దగ్గరగా వాసన చూస్తే కొందరికి అది ఏమాత్రం నచ్చదు. ఆరుబయట తెలియదు గాని, తలుపులు మూసిన చిన్న పూజగదిలో పెద్ద గుత్తి ఉంచితే తెలుస్తుంది. మీ అత్తగారికి ఒక పువ్వు ముందుగా చూపించి, ఆవిడ అభిప్రాయం తెలుసుకోండి. కాడతో కోసి నీళ్ళలో పెడితే వారానికి పైగా తాజాగా నిలుస్తుంది కాబట్టి హాలులో అలంకరణకు మాత్రం దీనికి వంక పెట్టడానికి లేదు.

సమాధానం (డాలస్, టెక్సస్)

పై వారు చెప్పినదంతా సరైనదే. మా వంటి వేడి ప్రాంతాలవారు కూడా ఈ చర్చ చదువుతారు కనుక కొన్ని మాటలు చేరుస్తున్నాను.

మాది 8వ జోన్. ఇక్కడి నల్ల బంకమన్ను మన కృష్ణా, గుంటూరు రేగడి నేలల వంటి స్వభావం కలది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది, పైగా క్షారగుణం ఎక్కువ. మాకు చలికాలం పెద్ద బెడద కాదు, జూలై, ఆగస్టు నెలల ఎండే అసలు శత్రువు. అందుకే మేము వసంతంలో కాక అక్టోబరులో నాటుతాము. అప్పుడు నాటిన మొక్క చలికాలమంతా వేళ్ళు పెంచుకుని, మే నెలలో పూతకు వస్తుంది. ఉదయపు ఎండ పడి, మధ్యాహ్నం రెండు దాటిన తరువాత ఇంటి నీడ పడే తూర్పు గోడ పక్కన దీనికి మంచి చోటు. పడమటి గోడ పక్కన నాటితే గోడ వేడికే ఆకులు మాడిపోతాయి.

రకం మాత్రం మాకూ బెకీయే. ఇది జార్జియా రాష్ట్రపు తోటల నుండి వ్యాప్తిలోకి వచ్చిన రకం కావడం వల్ల దక్షిణాది ఉక్కను ఓర్చుకోగలదు. మిగిలిన రకాలు ఇక్కడ ఒక వసంతం పూసి, రెండవ వేసవికి అలసిపోవడం నేను తరచు చూస్తున్నాను. నీరు పైనుండి చల్లకుండా డ్రిప్ ద్వారా మొక్క మొదలు దగ్గరే అందించండి. ఆకులు తడిస్తే ఆకుమచ్చ తెగులు వస్తుంది. మొగ్గ దశలో లేత కాడల మీద పేనుబంక గుంపులుగా చేరుతుంది. మందు అక్కరలేదు, పైపుతో నీటిని బలంగా కొడితే రాలిపోతుంది. అది పొద్దుటి పూటే చేస్తే సాయంత్రానికి ఆకులు ఆరిపోతాయి.

తిరిగి ప్రశ్న అడిగినవారు (కొలంబస్, ఒహాయో)

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మడిని ఎత్తు చేసే పని ఈ వారాంతంలోనే మొదలుపెడతాము. మరో మూడు సందేహాలు ఉన్నాయి. మొదటిది, బెకీ ఒక మొక్క కొని, దాని విత్తనం పట్టి తరువాతి ఏడు మడి అంతా నింపుకోవచ్చునా? రెండవది, మా వీధి చివర పచ్చిక బయలులో అచ్చం ఇటువంటి తెల్ల పువ్వులే, కాస్త చిన్నవి, వందల కొద్దీ పూస్తున్నాయి. వాటి పిలకలు తెచ్చుకోవచ్చునా? మూడవది, హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలు తన డాబా మీద ఇవి పెంచుతానని, విత్తనాలు పంపమని అడుగుతున్నది. అక్కడ వస్తాయా?

సమాధానం (హైదరాబాద్, తెలంగాణ)

మూడవ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. మీ చెల్లెలి గారి ఆశను నిరుత్సాహపరచడం నాకు ఇష్టం లేదు గాని, ఉన్న విషయం తెలిస్తేనే ఆవిడ శ్రమకు ఫలితం ఉంటుంది.

శాస్తా డైసీ పొడవైన పగళ్ళకు పూసే మొక్క. వాటిలో చాలా రకాలకు ముందు కొన్ని వారాల పాటు గట్టి చలి తగలాలి, ఆ తరువాత పగలు పొడుగవుతూ రావాలి. అప్పుడే అవి పూకాడ వేస్తాయి. కొలంబస్‌లో జూన్ నెలలో పగలు సుమారు 15 గంటలు ఉంటుంది. హైదరాబాద్‌లో అదే జూన్‌లో పగలు 13 గంటలకు కాస్త పైన మాత్రమే. అంతేకాక, ఇక్కడ పగలు పొడుగయ్యే ఏప్రిల్, మే నెలల్లోనే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పూయవలసిన సమయానికి మొక్క ప్రాణం నిలుపుకోవడమే కష్టమవుతుంది. ఆ వెనుకే వచ్చే వానల్లో కుండీ మట్టి ఆరక, డేటన్ వారు చెప్పిన కుదురు కుళ్ళు ఇక్కడ జూలైలోనే మొదలవుతుంది. మన చామంతి స్వభావం దీనికి సరిగ్గా వ్యతిరేకం. పగళ్ళు కుంచించుకుపోతున్న కొద్దీ అది మొగ్గ తొడుగుతుంది, అందుకే కార్తీక, మార్గశిర మాసాల్లో మనకు బజారు నిండా చామంతులు కనిపిస్తాయి. చూపుకు దగ్గరి చుట్టాలే అయినా, ఒకే డాబా మీద రెండూ ఒకే రీతిన పెరగవు.

అయినా ప్రయత్నించదలిస్తే, చలి అంతగా కోరని స్నో లేడీ వంటి పొట్టి రకం విత్తనాన్ని సెప్టెంబరు చివర నారు పోసి, 10 అంగుళాల కుండీలోకి మార్చి, శీతాకాలపు పూమొక్కగానే పెంచమనండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్ని పువ్వులు రావచ్చు. వేసవి దాటించాలని పాటుపడవద్దు. ఊటీ వంటి కొండ ప్రాంతాల్లో పెరిగినట్టు ఇక్కడ పెరుగుతుందని ఆశించడం సరికాదు. విత్తనాలు మాత్రం మీరు అక్కడి నుండి కవరులో పెట్టి పంపకండి. మొక్కల దిగ్బంధ (క్వారంటైన్) నిబంధనల ప్రకారం విదేశీ విత్తనానికి అనుమతి పత్రమూ, ఆరోగ్య ధ్రువపత్రమూ అవసరం. ఇక్కడి విత్తన దుకాణాల్లోనే ఇవి దొరుకుతాయి. డాబా నిండా తెల్ల పువ్వులే కావాలంటే, కడియం నర్సరీల నుండి వచ్చే తెల్ల చామంతి పిలకలు జూన్, జూలైల్లో నాటుకోవడం అన్ని విధాలా మేలు.

సమాధానం (డేటన్, ఒహాయో)

మిగిలిన రెండు ప్రశ్నలకు నా జవాబు ఇది.

బెకీ విత్తనం పట్టవద్దు. ఈ మొక్క పుట్టుకే ఒక సంకరం. కాలిఫోర్నియాలోని శాంటా రోజాలో లూథర్ బర్బ్యాంక్ 1884లో ఈ పని మొదలుపెట్టి, ఐరోపా డైసీలను ఒకదానితో ఒకటి కలిపి, చివరకు రేకుల తెలుపు కోసం జపాన్ డైసీని కూడా చేర్చి, 1901లో దీనిని లోకానికి అందించాడు. ఉత్తర కాలిఫోర్నియాలో మంచు కప్పుకుని ఉండే శాస్తా పర్వతం పేరే దీనికి పెట్టాడు. ఇన్ని జాతుల నెత్తురు కలిసిన మొక్క విత్తనంలో తల్లి పోలిక నిలవదు. ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా, ఒకటి ఆలస్యంగా పూసేదిగా వస్తుంది. విత్తనంతోనే పెంచాలనుకుంటే అలాస్కా విత్తనం కొనండి. దానిని మట్టి మీద చల్లి, పైన కప్పకుండా మెల్లగా అదిమితే చాలు, మొలకెత్తడానికి వెలుతురు కావాలి. 70 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనంలో రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి.

బెకీని పెంచే దారి పిలకలు విడదీయడమే. అది మీరు ఎలాగూ రెండు మూడు ఏళ్ళకు ఒకసారి చేయవలసిన పని. ఈ మొక్క వయసు పెరిగే కొద్దీ నడిమి భాగం మొద్దుబారి, బయటి అంచున మాత్రమే లేత పిలకలు వేస్తుంది. అలా వదిలేస్తే నడుమ బోసిపోయి, పూత ఏటికేడు తగ్గి, చివరికి దుబ్బు మొత్తం పోతుంది. ఏప్రిల్‌లో కొత్త ఆకులు మూడు నాలుగు అంగుళాలు లేచినప్పుడు, దుబ్బు చుట్టూ పార దించి మొత్తాన్నీ పైకి తీయండి. మట్టి దులిపితే తేడా మీకే కనిపిస్తుంది. నడుమ గోధుమరంగు కట్టె వంటి మోడు ఉంటుంది, దానికి కొత్త వేళ్ళు దాదాపు ఉండవు. అంచు పిలకలకు తెల్లని, దారాల వంటి వేళ్ళు గుబురుగా వేలాడుతూ ఉంటాయి. పిలకలను నాలుగైదేసి చొప్పున వేళ్ళతో సహా విడదీసి వెంటనే నాటి నీళ్ళు పోయండి, నడిమి మోడును పారేయండి. ఒక మంచి దుబ్బు నుండి ఈ విధంగా నాలుగైదు మొక్కలు వస్తాయి. కాబట్టి ఇప్పుడు మూడు బెకీ మొక్కలు కొంటే మీ మడికి ఎప్పటికీ సరిపోతాయి.

వీధి చివర పూస్తున్నవి మీ వర్ణనను బట్టి చూస్తే ఆక్స్-ఐ డైసీలు అయి ఉండాలి. దయచేసి వాటిని ఇంటికి తెచ్చుకోవద్దు. అవి నేల అడుగున వేళ్ళతోనూ, పైన లెక్కలేనన్ని విత్తనాలతోనూ పాకిపోయి పచ్చికను మింగేస్తాయి. వాషింగ్టన్, మోంటానా, కొలరాడో రాష్ట్రాలు వాటిని హానికర కలుపు జాబితాలో చేర్చాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. ఆక్స్-ఐ పువ్వు ఒకటి రెండు అంగుళాలకు మించదు, మొక్క మొదలు దగ్గరి ఆకులు లోతైన చీలికలతో ఉంటాయి. శాస్తా ఆకు మందంగా, ముదురు పచ్చగా, ఈటె ఆకారంలో, అంచున రంపపు పళ్ళతో ఉంటుంది. నర్సరీలో పేరు చీటీ ఊడిపోయిన కుండీ కనిపించినప్పుడు కూడా ఆకును చూసే తేల్చుకోండి. అడవిపూల మిశ్రమం అని అమ్మే విత్తన పొట్లాల్లో ఆక్స్-ఐ కలిసి ఉండే అవకాశం ఉంది కనుక పొట్లం వెనుక ఉన్న పేర్లు చదివిన తరువాతే కొనండి.

ఈ మే నెలలో నాటే బెకీ మొక్కలు మొదటి వేసవిలో తక్కువగానే పూస్తాయి. ఈ ఏడు వరలక్ష్మీ వ్రతానికి కొన్ని పువ్వులైనా ఖచ్చితంగా కావాలంటే, మే చివర నర్సరీకి వెళ్ళినప్పుడు ఒక గ్యాలన్ కుండీలో, కిందటి ఏడాది నాటి దుబ్బుతో ఉన్న మొక్కలను ఎంచుకోండి. అప్పటికే నిండా పూసి ఉన్నవాటిని వదిలేయండి. అవి వెచ్చని షెడ్లలో ముందుగా పూయించినవి, ఆగస్టు నాటికి అలసిపోతాయి. మొగ్గ ఇంకా కనిపించని, కుదురు చుట్టూ పిలకలు ఎక్కువగా ఉన్న కుండీ మీకు కావలసినది.